త్సూకి అర్థం కాని మాట

కవాసాకిలో ఉన్నన్నాళ్లూ శనివారం పొద్దున పది గంటలకు మా వార్డు కమ్యూనిటీ హాల్లో జపనీస్ నేర్చుకోవడానికి వెళ్లేవాణ్ణి. ఫీజు లేదు. చెప్పేవాళ్లు ఉద్యోగాలు విరమించుకున్న పెద్దలు, చెప్పించుకునేవాళ్లం నాలాంటి కంపెనీ మనుషులం, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కోడళ్లు, వియత్నాం కుర్రాళ్లు. నాకు చెప్పిన టీచరుగారు డెబ్బై దాటిన టోక్యో ఆవిడ. రెండేళ్లు గడిచి పాఠ్యపుస్తకం అయిపోయాక ఒక శనివారం ఆవిడ జిరాక్సు కాగితాల కట్ట తెచ్చారు. కష్టమైన కంజీ బొమ్మ అక్షరాల పక్కన వాటిని పలికే తీరు పెన్సిలుతో చీమల బారులా హిరగానా లిపిలో రాసి ఉంది. ఎన్ని రాత్రులు కూర్చుని రాశారో. అది ఒక నాటకం. పేరు ‘యూజురు’. మునిమాపువేళ సారసపక్షి అని అర్థం చెప్పుకోవచ్చు.

పాత్రలు పంచుకుని పైకి చదువుదామన్నారు. త్సూ అనే భార్య మాటలు ఆవిడవి. మొగుడు యోహ్యో, ఊళ్లోని సోదో, ఉంజు, వీళ్ల మాటలు నావి. మొదటి పేజీలోనే నా బండి దిగబడింది. పాఠ్యపుస్తకంలో ఎక్కడా తగలని క్రియలు, నిఘంటువులో దొరకని ముక్తాయింపులు. సోదో మాట ఒకటి మూడుసార్లు చదివినా తలా తోకా తెలియలేదు. టీచరుగారు త్సూ మాటలు చదివితే మాత్రం మంచినీళ్లు తాగినట్టు అర్థమవుతోంది. రెండేళ్లు చదివిన చదువు ఇంతేనా అని సిగ్గేసింది. ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వి, కొన్ని పేజీలు ముందుకు తిప్పి ఒకచోట వేలు పెట్టారు.

అక్కడ త్సూ తన మొగుడితో అంటుంది: నువ్వు చెప్పేది నాకు ఏమీ తెలియడం లేదు, ఇందాక వచ్చినవాళ్లలాగే ఉంది, నోరు కదలడం కనిపిస్తోంది, గొంతు వినిపిస్తోంది, ఏమంటున్నావో మాత్రం తెలియడం లేదు. చివరికి నువ్వు కూడా వాళ్ల మాటలు మాట్లాడడం మొదలుపెట్టావా అని కుప్పకూలుతుంది.

పుస్తకాల భాష తప్ప మరో భాష రాని పరాయివాణ్ణి నేను. నాకు తెలియకుండానే త్సూ పక్కన పీట వేసుకుని కూర్చున్నానన్నమాట. ఆ నాటకం రాసిన కినోషిత జున్‌జి గురించి ఈ వ్యాసం. జపాన్ నాటకం అనగానే మనవాళ్లు నో, కబుకి అని పాత సంప్రదాయ నాటకాల పేర్లు అంటారు, మరీ తెలిస్తే రచయిత మిషిమా పేరు చెప్పి ఆయన పొట్ట చీల్చుకున్న కథలోకి వెళ్లిపోతారు. కినోషిత అంత నాటకీయంగా బతకలేదు, అంత నాటకీయంగా పోలేదు. అందుకే ఆయన పేరు ఇంతదూరం రాలేదని నా అనుమానం.

కథ చిన్నది. బాణం తగిలిన సారసపక్షిని యోహ్యో అనే అమాయకపు రైతు కాపాడతాడు. కొన్నాళ్లకు ఎక్కడినుంచో ఒక ఆడమనిషి వచ్చి, నీకు భార్యగా ఉంటానంటుంది. మంచు కప్పిన గుడిసెలో ఇద్దరూ ఊరి పిల్లలతో ఆటలాడుకుంటూ బతుకుతుంటారు. త్సూ అప్పుడప్పుడూ గదిలో తలుపు వేసుకుని, నేను నేస్తున్నప్పుడు తొంగి చూడవద్దు అని చెప్పి, ఎక్కడా లేని ఒక వస్త్రం నేస్తుంది. తన ఈకలు తానే పీక్కుని నేసిన బట్ట అది. ఉంజు దాన్ని తీసుకెళ్లి అమ్మి డబ్బు తెస్తాడు. ఈ బట్ట రాజధానిలో వందల ర్యో, అంటే పాతకాలపు బంగారు నాణేలు, పలుకుతుందని సోదో అతన్ని ఎగదోస్తాడు. ఇద్దరూ కలిసి యోహ్యో బుర్రలో రాజధాని ఆశ నాటుతారు. ఇంకొక్కటి నెయ్యమని అతను భార్యను వేధిస్తాడు, నెయ్యకపోతే వెళ్లిపోతానని బెదిరిస్తాడు. ఆమె నేస్తుంది, అతను తొంగి చూస్తాడు, గదిలో మగ్గం ముందు సారసపక్షి ఉంటుంది. ఆమె ఎగిరిపోతుంది. (బాణం తగిలిన పక్షి అనగానే మన బుర్రలో క్రౌంచం మెదులుతుంది. మన కథలో బాణం శ్లోకాన్ని పుట్టించింది, వాళ్ల కథలో సంసారాన్ని పుట్టించింది.)

జపాన్ పిల్లలు ఈ నాటకాన్ని బడి పుస్తకాల్లో చదువుకుంటూ వచ్చారు. ఇచ్చిన మాట తప్పకూడదు, అత్యాశ పనికిరాదు అనే రెండు నీతులు దీన్నుంచి పిండుతారు. నాకు ఈ రెండూ నచ్చలేదు. అత్యాశ అనేది యోహ్యో మీద మోపలేని నేరం. డబ్బంటే ఏమిటో అతనికి సరిగా తెలియదు. బట్ట అమ్మితే వచ్చిన బంగారు నాణేలు సంచిలో ఉన్నాయని మురిసిపోవడమే తప్ప వాటితో ఏం కొనాలో తోచదు. తొంగి చూడడం కూడా అసలు దెబ్బ కాదు. అది మూలకథలో ఉన్నదే, అక్కడ కథ దానితోనే ముగుస్తుంది. కినోషిత కలిపిన ముక్క వేరు. త్సూ ఎగిరిపోవడానికి చాలాముందే, మొగుడు నోరు తెరిచి ‘డబ్బు’, ‘కొనడం’, ‘రాజధాని’ అన్నప్పుడే ఆ సంసారం విరిగింది. తొంగి చూడకపోయినా ఆమె ఉండగలిగేది కాదు. మాట అందని ఇంట్లో మనిషి ఎన్నాళ్లుంటుంది?

ఇప్పుడు ఆ మాటల ముచ్చట. ఊరివాళ్లు మాట్లాడేది ఏ ఊరి యాస అని టీచరుగారిని అడిగాను. ఏ ఊరిదీ కాదన్నారు. నిజమే, అది కినోషిత తయారుచేసిన యాస. జపాన్ నాలుగు మూలల నుంచి మాటలు, క్రియలు, విరుపులు ఏరి తెచ్చి, ఫలానా ఊరిది అని చెప్పలేని ఒక పల్లెభాషను ఆయన అల్లాడు. త్సూకి మాత్రం ఏ ఊరి మట్టీ అంటని శుద్ధమైన జపనీస్ ఇచ్చాడు. అంటే ఒకే గుడిసెలో రెండు భాషలు కాపురం చేస్తుంటాయి. ప్రేమ ఉన్నంతకాలం ఆ తేడా ఎవరికీ వినపడదు. యోహ్యో తన యాసలో పిలుస్తాడు, ఆమె తన భాషలో పలుకుతుంది. డబ్బు మాట రాగానే ఆ తేడా గోడలా లేచి నిలబడుతుంది.

గురజాడ విన్న మాట రాశాడు, కినోషిత లేని మాటను పుట్టించాడు. కన్యాశుల్కం చదివి పెరిగినవాణ్ణి కాబట్టి మొదట ఇది నాకు దొంగపని అనిపించింది. ఉన్న యాసలు ఉండగా కల్తీ యాస ఎందుకు? పైగా కినోషితకు అచ్చమైన యాస రాయడం చేతకాక కాదు. ‘హికోఇచి కబుర్లు’ అని 1946లో ఆయనే రాసిన ఒక ప్రహసనం పూర్తిగా కుమమోటో యాసలో నడుస్తుంది, చదువుతుంటే టీచరుగారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు.

కుమమోటో ఆయనకు ఊరికే తగల్లేదు. 1914లో టోక్యోలో పుట్టిన మనిషి, పదేళ్ల వయసు దాటే వేళకు కుటుంబం దక్షిణాన క్యూషూ దీవిలోని కుమమోటోకు, తండ్రి వంశంవాళ్ల ఊరికి తరలింది. టోక్యో మాటతీరుతో ఒక పిల్లవాడు ఆ ఊరి బళ్లో మొదటిరోజు నోరు విప్పితే ఏం జరిగి ఉంటుందో నాకెవరూ చెప్పనక్కర్లేదు. నాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్‌కి హైదరాబాదు హాస్టల్లో చేరినప్పుడు నేను మాట్లాడితే పక్క మంచాలవాళ్లు నవ్వేవాళ్లు, ఇంకోసారి అనమని అడిగి మరీ నవ్వేవాళ్లు. ఆరు నెలల్లో నా మాట మారిపోయింది. కినోషిత విషయంలో బాణం తిరగబడి ఉంది, రాజధాని మాట పలికినవాడే అక్కడ పరాయివాడు. ఎటునుంచి తగిలినా ఆ వయసులో తగిలిన దెబ్బ మనిషి చెవిని మార్చేస్తుంది. ఆ తర్వాత జీవితాంతం మాట అర్థం కన్నా ముందు మాట ఏ ఊరిదో వినిపిస్తుంది.

అక్కడే ఐదవ ఉన్నత పాఠశాలలో చదివి టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చదివాడు. షేక్‌స్పియర్ అంటే ప్రాణం, తర్వాత అనేక నాటకాలు అనువదించాడు. యుద్ధకాలంలో రాయాలనుకున్నది రాసి బయటపెట్టే వీలు లేదు. ఆయన మొదటి పెద్ద నాటకం ‘గాలీ అలలూ’ మేజీ చక్రవర్తి కాలపు తొలినాళ్ల కుమమోటోలో కొత్త ప్రభుత్వానికీ పాత సమురాయిలకూ మధ్య నలిగిన యువకుల కథ. యుద్ధానికి ముందే చిత్తుప్రతి రాసుకున్నా, అచ్చులోకి వచ్చింది 1947లో. ఆ మధ్యకాలంలో జానపద కథల మీద పడ్డాడు. యనగిత కునియో వంటి పండితులు ఊరూరా తిరిగి సేకరింపజేసిన కథల్లో సదో దీవి నుంచి వచ్చిన సారసపక్షి భార్య కథ ఒకటి ఆయనకు దొరికింది. యుద్ధం నడుస్తుండగానే ఒక నాటకంగా రాసి పక్కన పడేసి, యుద్ధం అయ్యాక దాన్ని తిరగరాశాడు. అదే 1949 నాటి ‘యూజురు’. యమమోతో యసూఎ అనే నటి కోసం, ఆవిడ గొంతు చెవుల్లో పెట్టుకుని రాశాడు. ఆవిడ 1924లో మొదలైన త్సుకిజి చిన్న థియేటరు తొలితరం నటి, పదాన్ని పలకడంలో ఆవిడది పేరుమోసిన నోరు.

నేను 1949 దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ నాటకాన్ని కాలం లేని జానపద కథగా చూసేవాళ్లతోనే నాకు పేచీ. అప్పటికి జపాన్ ఇంకా అమెరికా సైన్యం ఏలుబడిలోనే ఉంది. నాలుగేళ్లపాటు జనం నల్లబజారులో బియ్యం కోసం కిమోనోలు అమ్ముకున్నారు. పెట్టెలోంచి ఒక్కో బట్టా తీసి పల్లెకు పట్టుకెళ్లి బియ్యంతో మార్చుకున్నారు. వెదురు మొగ్గ పొరలు ఒలిచినట్టు ఒంటి మీది బట్టలు ఒలిచి బతికే బతుకు అని దానికి జపనీస్‌లో ఒక పేరే ఉంది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే డాలరుకు 360 యెన్‌లని మారకపు రేటు కట్టారు. అలాంటి ఏడాది చివర్లో రంగస్థలం మీద ఒక ఆడమనిషి తన ఒంటి ఈకలు పీక్కుని బట్ట నేస్తుంటే, దానికెంత వస్తుందని మగవాళ్లు లెక్క కడుతుంటే, ప్రేక్షకుల్లో ఎవరికి అది పాతకాలపు కథ అనిపించి ఉంటుంది?

భాష సంగతీ అంతే. 1945 ఆగస్టు 15న చక్రవర్తి గొంతు మొదటిసారి రేడియోలో వినిపించింది. ఆయన మాట్లాడింది ఆస్థానపు గ్రాంథికం. పైగా గరగరల రికార్డింగు. యుద్ధం ఓడిపోయామని చెబుతున్నాడో, ఇంకా పోరాడమంటున్నాడో తేల్చుకోలేక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తమ భాషే, గొంతు వినిపిస్తోంది, ఏమంటున్నాడో తెలియడం లేదు. ఆ అనుభవం ఉన్న జనం నాలుగేళ్ల తర్వాత త్సూ మాట విన్నారు.

ఇక నా అసలు అభ్యంతరం. స్వర్గం నుంచి దిగినంత స్వచ్ఛమైన మనిషికి ప్రామాణిక భాష, ఆశపోతు బేరగాళ్లకు యాస. ఈ పంపకం మనకు కొత్త కాదు. తెలుగు సినిమాల్లో దశాబ్దాలపాటు హీరో పుస్తకంలా మాట్లాడాడు, మా శ్రీకాకుళం యాస పనివాడికి, తెలంగాణ యాస రౌడీకి లేదా హాస్యగాడికి, సీమ యాస కత్తి పట్టినవాడికి దక్కాయి. జపాన్‌లో ఇది ఇంకా కఠినంగా జరిగింది. టోక్యోలో చదువుకున్న మధ్యతరగతి మాటను ప్రామాణికంగా పెట్టుకుని మేజీ ప్రభుత్వం దాన్ని బడుల ద్వారా దేశమంతా రుద్దింది. ఒకినావా బళ్లలో సొంతమాట మాట్లాడిన పిల్లవాడి మెడలో యాస పలక వేలాడదీసేవారు, ఇంకొకడు దొరికేదాకా అది వాడి మెడలోనే. తెలుగులో మాట్లాడినందుకు కడప జిల్లాలో ఒక బడి పిల్లల మెడల్లో పలకలు వేలాడదీసిన 2009 నాటి వార్త మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మరి ఇదంతా తెలిసిన కినోషిత, మంచికి టోక్యోనూ చెడుకు పల్లెనూ కట్టబెట్టడం ఏం న్యాయం?

చాలాకాలం దీనికి నాకు జవాబు దొరకలేదు. ఇప్పుడూ సగమే దొరికింది. నాటకంలో యాస మాట్లాడేది సోదో, ఉంజులు మాత్రమే కాదు. యోహ్యో మాట్లాడతాడు, ఊరి పిల్లలు మాట్లాడతారు. ఆ పిల్లలతో త్సూ హాయిగా ఆడుకుంటుంది, పిల్లల మాట ఆమెకు అర్థం కాకపోవడమన్నది లేదు. అంటే ఆమెకు అందనిది యాస కాదు. యాస వినగానే మనం, చదువుకున్నవాళ్లం, అర్థం కాకపోవడానికి కారణం అదేననుకుంటాం. నేను అనుకున్నాను కూడా. రచయిత అక్కడ చిన్న ఉచ్చు పన్నాడు. రెండోది, బడిలోనూ బారకాసుల్లోనూ రేడియోలోనూ ఆజ్ఞలిచ్చిన భాషను తెచ్చి, ఎవరూ వినిపించుకోని ఒక ఆడమనిషి నోట్లో పెట్టాడు. అధికారం ఊడబెరికిన ప్రామాణిక భాష ఎలా ఉంటుందో చూడండి అన్నట్టు. ఇది గడుసుపనే.

మిగిలిన సగం మాత్రం అలాగే ఉండిపోయింది. ఎవరి ఊరిదీ కాని యాస అంటే ఎవరికీ బాధ్యత లేని యాస. కుమమోటోవాళ్లు నవ్వుకోరు, ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ గర్వపడరు. టోక్యో నాటకశాలలో కూర్చున్నవాడికి పల్లె అనేది ఒక వాసన లాగా తగులుతుంది తప్ప ఫలానా పల్లె అని తెలియదు. కినోషిత దీన్ని దేశమంతటికీ చెల్లే రంగస్థల భాష అనుకున్నాడు. ఆ తర్వాత రేడియోల్లో, సినిమాల్లో, పిల్లల కార్యక్రమాల్లో ‘పల్లెటూరివాడి మాట’ అనే ఒక ఉమ్మడి కల్తీ సరుకు చలామణి అయింది. ఆ పాపంలో ఈ నాటకానికి వాటా లేదని నేననను.

యమమోతో యసూఎ త్సూ పాత్రను మూడు దశాబ్దాలకు పైగా, వెయ్యిసార్లకు పైగా వేశారు. దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. నాకు కొంచెం భయమేస్తుంది. ఒకే నటి, ఒకే పాత్ర, వెయ్యిసార్లు అంటే అది గుడి అయిపోతుంది, జనం నాటకానికి కాదు దర్శనానికి వస్తారు. సంగీతకర్త దన్ ఇకుమ దీన్ని ఒపేరాగా చేస్తానంటే, నా మాట ఒక్కటి కూడా మార్చకూడదన్న షరతు మీద కినోషిత ఒప్పుకున్నాడు. 1952లో వచ్చిన ఆ ఒపేరా ఇప్పటికీ ఆడుతోంది. మాట మీద అంత పట్టున్న మనిషి. ఒక్క మాటా మారలేదు, కానీ గుడి కట్టాక లోపలి విగ్రహం ఏమంటోందో వినేవాళ్లు తగ్గారు. అందమైన మంచు, అందమైన కిమోనో, పాపం పక్షి.

అందుకే ఆయన మిగతా నాటకాల దగ్గరికి వెళ్లాలి. అవి చదివాకే నాకు ‘యూజురు’ పూర్తిగా వినపడింది.

1962లో వచ్చిన ‘ఒట్టో అనే పేరున్న జపనీయుడు’ ఒజకి హొత్సుమి కథ. ఒజకి పత్రికా రచయిత, చైనా వ్యవహారాల్లో నిపుణుడు, ప్రధాని కొనోఎకు సలహాదారు, లోపాయికారీగా సోవియట్ గూఢచారి రిఖర్డ్ జోర్గె బృందంలో మనిషి. 1941 అక్టోబరులో దొరికిపోయాడు, 1944 నవంబరు 7న ఇద్దరినీ ఒకేరోజు ఉరితీశారు. జైలు నుంచి భార్యకూ కూతురికీ ఆయన రాసిన ఉత్తరాలు 1946లో పుస్తకంగా వస్తే జనం ఎగబడి కొన్నారు. ద్రోహి అనిపించుకున్నవాడి ఉత్తరాలు చదివి అదే జనం ఏడ్చారు. కినోషిత నాటకంలో ఆ మనిషి ఇంట్లో ఒక భాష, దొరల దగ్గర ఒక భాష, సహచరుల దగ్గర మరో భాష మాట్లాడుతూ బతుకుతాడు. పరాయి పేరు పెట్టుకున్నా తాను సరైన జపనీయుడిగానే బతికానన్నది చివరికి అతని వాదన. ఈ వాదన వినగల చెవి అప్పటి జపాన్‌లో ఒక్కటీ లేదు.

1970లో ‘దేవుడికీ మనిషికీ మధ్య’ వచ్చింది. రెండు భాగాల్లో మొదటిది టోక్యో యుద్ధనేరాల విచారణ. కోర్టు రికార్డులనే ముడిసరుకుగా తీసుకుని కట్టిన నాటకం. అసలు విచారణ 1946 మే నుంచి 1948 నవంబరు దాకా నడిచింది. 28 మంది ముద్దాయిలు, 11 మంది న్యాయమూర్తులు. వారిలో కలకత్తా నుంచి వెళ్లిన రాధాబినోద్ పాల్ ఒకరు. అందరినీ నిర్దోషులనాలని విడిగా తీర్పు రాసిన ఆయన్ను జపాన్ జాతీయవాదులు ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటారు. కోర్టులో అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు, మూలన గాజు గదిలో అనువాదకులు. విచారణ మొదలైన కొత్తల్లో ముద్దాయిల తరఫు అమెరికన్ లాయరు బ్లేక్‌నీ లేచి, యుద్ధంలో చంపడం హత్య అయితే హిరోషిమా మీద బాంబు వేసినవాళ్ల పేర్లు కూడా మనకు తెలుసు కదా అన్నాడు. ఆ మాటలకు జపనీస్ అనువాదం ఆగిపోయింది. బోనులో ఉన్నవాళ్ల చెవుల్లో హెడ్‌ఫోన్లు ఉన్నాయి, లాయరు నోరు కదులుతోంది, వాళ్ల భాషలో ఒక్క ముక్క లేదు.

ఈ ఘట్టం తెలుసుకున్న రాత్రి నేను లేచి ‘యూజురు’ జిరాక్సు కాగితాలు వెతుక్కున్నాను.

అలాగని మనవాళ్లది తప్పు కాదు, గెలిచినవాళ్లదే రాజ్యం అని కినోషిత తేల్చేయలేదు. అలా తేల్చేసేవాళ్లకు జపాన్‌లో కొదవ లేదు, ఆయన వాళ్లలో ఒకడు కాదు. నాటకం రెండో భాగంలో దక్షిణాన ఒక దీవి మీద మామూలు సైనికుల విచారణ. అక్కడ మరణశిక్ష పడేది మంత్రులకు కాదు, పై నుంచి వచ్చిన ఆజ్ఞ విన్నవాళ్లకు. దొరల విచారణను మొదట పెట్టి, దాని పక్కన దీన్ని పెట్టడంలోనే ఆయన అభిప్రాయం ఉంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, మొదటి భాగం చదవడం ఇసుక నమలడమే. చట్టం సెక్షన్లు, అభ్యంతరాలు, ప్రత్యభ్యంతరాలు. ఇంత బరువైన నాటకాలు చూసి విసిగే 1960ల కుర్రాళ్లు కొందరు కినోషిత తరం రంగస్థలాన్ని మొత్తంగా తన్నేశారు. కర జూరో 1967లో షింజుకులోని ఒక గుడి ఆవరణలో ఎర్ర గుడారం వేశాడు, తెరయమ షూజి సొంత నాటక దళం పెట్టాడు, మాట కన్నా ఒళ్లు ముఖ్యమన్నారు. వాళ్ల తిరుగుబాటు నాకు ఇష్టమే. కానీ కినోషితను వాళ్లు చూసినంత పాత మనిషిగా నేను చూడలేను, ఎందుకంటే అరవై దాటాక ఆయన చేసిన పని చూడండి.

‘హెయికె’ వంశం కథ జపాన్‌కు మన పల్నాటి వీరకథలా గుడ్డి గాయకులు వాయిద్యం మీటుతూ పాడుకున్న కథ. 1185లో దన్‌నోఉర జలసంధిలో హెయికె వంశం మునిగిపోయింది, బాలచక్రవర్తితో సహా. దీని మీద కినోషిత రాసిన ‘మధ్యాహ్నరేఖ జాతర’ 1979లో రంగస్థలం ఎక్కింది. నో, క్యోగెన్ అనే హాస్య నాటకం, కబుకి, ఆధునిక నాటకం, ఈ నాలుగు సంప్రదాయాల నటులను ఒకే వేదిక మీదికి తెచ్చారు. మనలో సురభివారినీ కూచిపూడి భాగవతులనూ తోలుబొమ్మలవారినీ ఆధునిక నాటకసంఘాన్నీ పట్టుకొచ్చి ఒకే కథ చెప్పించినట్టు. వీళ్లు మాట పలికే తీరు వేరు, ఊపిరి తీసే చోటు వేరు. తగాదా రావలసిన చోట కినోషిత పరిష్కారం పెట్టాడు. అందరూ కలిసి గుంపుగా చదవడం. ఒక గొంతు మొదలుపెడుతుంది, ఐదు గొంతులు అందుకుంటాయి, ఇరవై గొంతులు అలలా లేస్తాయి, మళ్లీ ఒక్క గొంతు మిగులుతుంది. వంత పాట ఎరిగిన మనకు ఇది వింత కాకపోవచ్చు. ఒకే ఒరవడిలో చదివించడం కాదు ఇక్కడి పని, ఎవరి గొంతు వారిదిగా ఉంచి ఒక వాక్యాన్ని మోయించడం. దీని కోసం 1967 నుంచి యమమోతో యసూఎతో కలిసి మాటల అధ్యయన బృందం ఒకటి నడిపి, ఏళ్లతరబడి సాధన చేశారు. తర్వాత ఈ గుంపు చదువు జపాన్ బళ్లలోకి పాకింది. మా అమ్మాయి కవాసాకి ప్రాథమిక పాఠశాలలో ఏదో పద్యం అలా చదవడం నేను విన్నాను, దాని వెనక ఎవరున్నారో అప్పుడు నాకు తెలియదు.

ఆ నాటకంలో కినోషిత సముద్రపు ఆటుపోట్లను పాత్రను చేశాడు. చంద్రుడు మధ్యాహ్నరేఖను, అంటే నడినెత్తిన ఉత్తర దక్షిణాలుగా సాగే ఊహారేఖను, దాటే వేళకు ప్రవాహం తిరగబడుతుంది, హెయికె ఓడలు వెనక్కి కొట్టుకుపోతాయి. సేనాపతి తొమొమొరి చూడవలసినదంతా చూశాను అని నీళ్లలోకి దూకుతాడు. ఆ మాట పాత కథలో ఉన్నదే. ఆకాశానికి మన భాష తెలియదు, మనకు దాని భాష తెలియదు అనే చోటికి ముప్పై ఏళ్ల తర్వాత రచయిత చేరుకున్నాడు. గుడిసెలో మొగుడూ పెళ్లాల మధ్య మొదలైన దూరం ఇది.

మిగతా జీవితం తక్కువ మాటల్లో చెప్పుకోవచ్చు. పెళ్లి చేసుకోలేదు. గుర్రాలంటే పిచ్చి. విద్యార్థిగా ఉన్నప్పటి నుంచీ స్వారీ చేసి, డెబ్బైవ ఏట ‘అంతా గుర్రాల గురించే’ అని ఒక పుస్తకం రాసి దానికి బహుమతి కూడా తీసుకున్నాడు. ప్రభుత్వ గౌరవాలు ఇస్తామంటే వద్దన్నాడు. 2006 అక్టోబరు 30న 92వ ఏట పోయాడు, ఆయన కోరిక ప్రకారం ఆ సంగతి ఒక నెల తర్వాతే బయటపెట్టారు.

‘యూజురు’ చదవడం పూర్తయిన శనివారం బయట సన్నగా మంచు పడుతోంది. చివరి పేజీలో త్సూ రెండు బట్టలు నేసి బయటికి వస్తుంది, ఒకటి నీ దగ్గరే దాచుకో అని యోహ్యోకి చెబుతుంది. ఆమె పోయాక సోదో ఆ బట్ట లాక్కోబోతాడు, యోహ్యో వదలడు, దాన్ని పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ త్సూ, త్సూ అంటాడు. ఆ పిలుపు నేను చదవాలి. చదివాను. టీచరుగారు కాగితాలు సర్దుకుని, వచ్చేవారం ఏం చదువుదామని అడిగారు.

ఇంటికి రాగానే అన్నయ్య ఫోను. ఉద్దానంలో మాకున్న జీడితోట పక్కనుంచి రోడ్డు వెడల్పు చేస్తున్నారట, ఎవరో బేరానికి వచ్చారట. ఎకరాల లెక్కన అమ్మితే ఎంత, సెంట్ల లెక్కన కోస్తే ఎంత, బయానా ఎంత అడగాలి, రిజిస్ట్రేషన్ విలువకూ చేతికి వచ్చేదానికీ తేడా ఎలా చూసుకోవాలి, ఈసీ ఎవరు తీస్తారు. నేనూ లెక్కలు చెప్పాను. యెన్‌లను రూపాయలు చేసి, హైదరాబాదులో ఫ్లాటుకు ఎంత తగ్గుతుందో కూడా చెప్పాను. పావుగంట మాట్లాడుకున్నాక గానీ అన్నయ్య ఫోను స్పీకర్లో పెట్టాడని, పక్కనే అమ్మ ఉందని తెలియలేదు. నువ్వేమంటావమ్మా అని అడిగాను. ఆ తోటలో మొక్కలన్నీ నాన్నతో కలిసి ఆవిడ నాటినవే.

ఇంతసేపూ మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకేమీ తెలియలేదు నాయనా అంది. తర్వాత, అక్కడ మంచు పడుతోందా అని అడిగింది.